బిలతీర్థ రక్షణ



శ్రీ భ్రమరాంబా మల్లేశ్వర స్వామివారి సన్నిధిలో నేడు మనము తీర్థమును గూర్చి ముచ్చటించుకొందాము. పెదకాకానికి వచ్చిన భక్తుడు యజ్ఞాల బావి నీటితో స్నానమాడి, ఆపై స్వామిని దర్శించుకొనుట మన కన్నుల ఎదుట జరుగుచున్నదే. భరద్వాజ మహర్షి ఇచ్చట యజ్ఞము చేసెననియు, కాకాసురుడు ఇచ్చటనే శాపవిముక్తుడయ్యెననియు స్థలపురాణము. నీటిని ఎట్లు గౌరవించవలెనో మనకు ఒకరు నేర్పనక్కరలేదు.

మన ప్రాంతపు భక్తులు తొలి ఏకాదశికి పల్నాటిలోని గుత్తికొండ బిలమునకు కూడ వెళ్ళుచుందురు. ముచుకుందుడు నిద్రించిన గుహ అదియేననియు, ఆయన చూపు సోకి కాలయవనుడు భస్మమైనది అచ్చటనేననియు పెద్దలు చెప్పుదురు. పిడుగురాళ్ళకు సమీపమున, సున్నపురాతి కొండ లోపల, చీకటి దారులు దాటి పోయినచో నీటి మడుగులు. మేమును ఆ నీటిలో మునిగినవారమే. దోసిలి పట్టి త్రాగినవారమే. సీసాలలో నింపి తెచ్చి ఇరుగుపొరుగులకు పంచినవారమే. అద్దము వంటి ఆ నీటిని శంకింపవలెనని మాకు ఎన్నడును తోచలేదు. నేటి ప్రసంగము ఆ మా అజ్ఞానమును గూర్చియే.

మన నల్లరేగడి నేలలో వాన నీరు ఇంకవలెనన్న మట్టిపొరల గుండా మెల్లమెల్లగా దిగవలెను. మట్టి జల్లెడ వంటిది. మురికిలో కొంతయైనను పట్టి ఉంచును. (యూరియా నుండి వచ్చు నైట్రేటును మాత్రము అదియు ఆపలేదు. మన బావులకు ఆ బాధ ఉండనే ఉన్నది.) సున్నపురాతి సీమ తీరు వేరు. గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని వాన నీరు కొంచెము పులుపెక్కును. ఆ నీరు వేలయేండ్లు ప్రవహించి రాతి పగుళ్ళను కరగించి గొట్టములుగా, గుహలుగా మార్చును. పైన చేలలోను, వాగులలోను అచ్చటచ్చట నీరు గుటుక్కున మింగు గుంతలు ఏర్పడును. ఆ గుంతలో పడిన నీటికి ఇక జల్లెడ లేదు. మట్టిలో దినమునకు కొన్ని అంగుళములు నడుచు నీరు, ఆ గొట్టములలో దినమునకు కిలోమీటర్లు పరుగెత్తగలదు.

ఇది ఊహ కాదు. జర్మనీలో డాన్యూబ్ మహానది ఇమ్మెండింగెన్ అను ఊరి వద్ద సున్నపురాతి పగుళ్ళలోనికి ఇంకిపోవును. మన సరస్వతి వలె అంతర్వాహిని అన్నమాట. అది ఎచ్చట తేలుచున్నదో తెలియుటకై 1877 అక్టోబరులో పది కిలోల ఫ్లోరెసిన్ అను రంగును ఆ నీటిలో కలిపిరి. సుమారు అరువది గంటలకు, పన్నెండు కిలోమీటర్ల దూరమున నున్న ఆఖ్ ఊట ఆకుపచ్చగా పొంగెను. రంగు పోయిన దారిన రోగము పోలేదా?

పోయినది కూడ. కెనడాలోని వాకర్టన్ అను చిన్న ఊరిలో 2000 మే నెలలో భారీ వర్షము కురిసి, పశువుల పేడలోని క్రిములు పగుళ్ళబారిన సున్నపురాతి జాతి బండలో త్రవ్విన బావిలోనికి చేరెను. క్లోరిన్ కలుపుటలో అశ్రద్ధ తోడయ్యెను. ఏడుగురు మరణించిరి; సుమారు 2,300 మంది జబ్బుపడిరి. వియన్నా నగరము మాత్రము 1873 నుండి కొండలలోని సున్నపురాతి ఊటల నీటినే త్రాగుచున్నది. ఆ ఊటలకు ఎగువనున్న అడవిని నగరమే కాపాడుకొనుచున్నది.

మన రాష్ట్రముననే బెలుం గుహలు కలవు. పొడవు 3,229 మీటర్లు. లోపల మిక్కిలి లోతైన చోట పాతాళగంగ అను నీటిపాయ కలదు. నేడు జనులు టిక్కెట్టు కొని చూచు ఆ బిలమును, 1980ల చివరి వరకు చుట్టుపట్ల వారు చెత్త పారబోయు గోతిగా వాడుకొనిరి! వారిని నిందింపము. నేలలో నోరు తెరచిన గోతిని చూచిన ఎవనికైనను అది చెత్తకుండీగానే తోచును. అది తీర్థమునకు ద్వారమని తోచదు.

నీటిలో ఉమ్మివేయరాదని, మలమూత్రములు విడువరాదని మనుస్మృతి నిషేధించినది. మనలో ఎవరును బిలములోని మడుగున ఉమ్మివేయరు. కాని సున్నపురాతి సీమలో ఎగువనున్న గుంత కూడ నీరే. మిరప చేనికి మందు కొట్టి స్ప్రేయరు కడిగిన నీరు, ఖాళీ డబ్బాలు, చచ్చిన పశువు, ఇవి ఆ గుంతలో పడినచో మడుగులో వేసినట్లే. శాస్త్రనిషేధము అచ్చటి వరకు వర్తించునని మా అభిప్రాయము.

మరి రక్షణ ఎట్లు? మొదట కనిపెట్టి యుండుట. మడుగులో గీతలు గీసిన కొయ్య నొకటి నిలిపి, వారమునకొకసారి నీటిమట్టమును పుస్తకములో వ్రాయవలెను. వాన పడిన ఎన్ని గంటలకు నీరు కలకబారినదో వ్రాయవలెను. త్వరగా కలకబారినచో పైన ఎచ్చటనో తెరచిన గుంత యున్నదని అర్థము. పరీక్షకు నీటిని వేసవిలో పంపి, బాగున్నదని సంతోషించుట తగదు. తొలకరి పెద్దవాన పడిన మరునాడే శుభ్రమైన సీసాలో పట్టి, ఆ దినమే పరీక్షాశాలకు చేర్చవలెను. దోషము బయటపడునది అప్పుడే. తొలి ఏకాదశి వచ్చునదియు ఆ తొలివానల కాలముననే గదా! ఎగువ గుంతల చుట్టు గట్టు వేసి, కొంత మేర మందులు వాడకుండుటకు రైతు సోదరులను చేతులు జోడించి అడుగవలెను. వారి నష్టములో భక్తులు పాలుపంచుకొనుట న్యాయము.

బిలతీర్థమును ఇంటికి తెచ్చినచో శిరస్సున చల్లుకొనుడు. త్రాగవలెనన్న మరిగించి త్రాగుడు. పసిపిల్లలకు, వృద్ధులకు మరీ ముఖ్యము. ఇట్లు చెప్పగా ఒక పెద్దమ్మగారు, "కాచిన నీరు తీర్థమెట్లగును నాయనా?" అని మమ్ము అడిగినారు. అమ్మా, యజ్ఞము జరిగిన క్షేత్రమున నిలిచి మాటలాడుచున్నాము. అగ్ని తాకినది అపవిత్రమగునా? ఆమె నవ్వి, అటులైన కాచియే ఇత్తునన్నారు.

ఈ యేడు బిలమునకు వెళ్ళు వారిలో ఓపిక గలవారు ఇద్దరు ముగ్గురు, సబ్బులు, షాంపూ పొట్లాలు మడుగు వద్దకు పోకుండ చూచుటకు ముందుకు రావలెనని కోరుచున్నాము. పేర్లు హారతి అయిన పిదప మాకు చెప్పవచ్చును. గంట మ్రోగుచున్నది, లేచి నిలుచుందము.