బర్మా విషయమున మన మౌనము

(విశాఖపట్టణమున జరిగిన ఒక సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



ఈ పట్టణమున బర్మాక్యాంపు అను పేట యున్నది. గోదావరి, విశాఖ మండలములనుండి ఓడలెక్కి ‘రంగము’నకు పోయి, ఆ రేవున మూటలు మోసి, బియ్యపుమిల్లులలో చెమటోడ్చిన తెలుగువారిని ఆ పేరు నేటికిని తలపునకు తెచ్చుచున్నది. కావున బర్మానుగూర్చి, అనగా నేటి మయన్మారునుగూర్చి, మాటలాడుట మనకు పరదేశపు ముచ్చట గాదు.

1962 మార్చి 2వ తేదీన సేనాపతి నెవిన్ ప్రజాప్రభుత్వమును కూలద్రోసి అధికారము చేజిక్కించుకొనెను. ఢిల్లీ ఆయనతో స్నేహము చెడనీయలేదు. ఆ స్నేహము మనవారికి రక్షయైనదా? 1964 మార్చిలో అంగళ్లు ప్రభుత్వపరమయ్యెను. మేనెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లకపోయెను. లక్షలకొలది భారతీయులు ఆర్జించినదెల్ల విడిచి తిరిగివచ్చిరి. తన ప్రజలకు జవాబు చెప్పనివాడు పొరుగువానికిచ్చిన మాట నిలుపునని నమ్మరాదు. ఇది మనము మూల్యమిచ్చి నేర్చిన పాఠము.

1988లో బర్మా ప్రజలు తిరుగబడినప్పుడు మన దేశము వారి పక్షమున నిలిచెను. 1990 ఎన్నికలలో ఆంగ్ సాన్ సూచీ పక్షము 485 స్థానములలో 392 గెలిచినను, సైనికులు గద్దె దిగలేదు. పిమ్మట కొలది యేండ్లకే మన విధానము మారెను. సరిహద్దు తిరుగుబాటుదారుల బెడద, చీనా పలుకుబడి అందుకు కారణములు. ఆ కారణములు కల్లలని నేననను. 1,643 కిలోమీటర్ల సరిహద్దు గలవాడు పొరుగింటి తలుపు మూసికొని కూర్చుండలేడు.

2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల ప్రజాప్రతినిధులను చెరబట్టెను. ఏప్రిల్ 24న జకార్తాలో ఆసియాన్ నాయకులు సేనాపతి మిన్ ఆంగ్ లయింగును పిలిచి, హింస మానవలెనని, ఎల్లపక్షములు సంప్రదించుకొనవలెనని అయిదంశముల ఒడంబడిక చేసిరి. దానికి గడువు లేదు. తప్పినవానికి శిక్ష లేదు. హింస ఆగలేదు. జూన్ 18న ఐక్యరాజ్యసమితి మహాసభలో, బర్మాకు ఆయుధములు చేరకుండ చూడుడని కోరిన తీర్మానమునకు 119 దేశములు చేయెత్తెను. మన దేశము తటస్థముగ నుండెను. 2022 డిసెంబరులో భద్రతాసమితికి మనమే అధ్యక్షులము. బందీలను విడువుడని ఆ సమితి 12 ఓట్లతో కోరినప్పుడును, రష్యా చీనాలతో పాటు మనము తటస్థులమే. సద్దులేని ఓర్పుగల రాయబారమే మేలని మనవారి సమాధానము.

ఓర్పు మంచిదే. అయితే అది ఎవరితో? చీనావారు సైనికులతో మాత్రమే మాటలాడలేదు. సరిహద్దు సాయుధదళములను గూడ పిలిచి 2024 జనవరిలో సంధి కుదిర్చిరి. అదే నెలలో మన కలదాన్ మార్గమునందలి పలెత్వా పట్టణము అరకాన్ సైన్యము వశమయ్యెను. సేనాపతి దస్తకతు ఆ బాటను మనకు తెరవజాలదు. ధర్మమును విడిచి ప్రయోజనమునే చూచినను, ఒక్క పక్షమునే నమ్ముట నష్టమే.

నేను కోరునవి మూడు. సేనాపతులతో మాటలాడుడు, కాని ప్రజలెన్నుకొన్న ప్రతినిధులతోను, సరిహద్దు జాతులతోను అంత బాహాటముగనే మాటలాడుడు. బందీల విడుదల కోరు తీర్మానము వచ్చినప్పుడు చేయెత్తుడు. శరణార్థులకు చట్టమొకటి చేయుడు. 2021లో చిన్ ప్రజలు ప్రాణములతో పరుగెత్తి వచ్చినప్పుడు, రాకను అరికట్టుడని కేంద్రము వ్రాసెను; మిజోరము ప్రజలు మాత్రము బంధువులని యెంచి కూడు పెట్టిరి. ఆ మర్యాద అధికారి దయపై గాక శాసనముపై నిలువవలెను.

2025 మార్చి 28 భూకంపమునకు మన విమానములు మందులతో ముందుగ చేరినవి. అది మనకు గర్వకారణము. శిథిలముల క్రింది మనుష్యునకు చేయి చాచిన దేశము, చెరలోని మనుష్యుని కొరకు నోరు తెరవలేదా? నాడు ఆస్తులు పోయి ఓడదిగిన మనవారు, తమకొరకు ఎవరైన పలుకుదురాయని ఎదురుచూచిరి. ఆ ఎదురుచూపు ఎట్టిదో ఎరిగిన ఈ ఊరివారైనను నేడు పలుకవలెను.