పొగ నుంచి పూసల దండ



ఈ రోజు ఒక పెద్ద పేరు నేర్చుకుందాం. ఆ పేరు పాలికార్బొనేట్. విడదీసి చదవండి. పా-లి-కా-ర్బొ-నేట్. నోరు తిరగలేదా? ఫరవాలేదు. మళ్లీ ఒకసారి చదవండి.

ఇది మనం ఎన్నడూ చూడని వస్తువు కాదు. పెళ్లికి, పేరంటానికి తెచ్చే 20 లీటర్ల నీళ్ల డబ్బాలు చాలా వరకు దీనితో చేసినవే. మోటారు సైకిలు హెల్మెట్‌కు ముందు ఉండే అద్దం గాజు కాదు. అదీ ఇదే. కింద పడ్డా పగలని కళ్లజోడు అద్దాలు, వెలుతురు లోపలికి వచ్చే పైకప్పు రేకులు కూడా ఇదే. వస్తువు ఎప్పుడో మన దగ్గరికి వచ్చింది. పేరు మాత్రం తెలియలేదు.

ప్లాస్టిక్ అంటే ఏంది?

పూసల దండ గుర్తు చేసుకోండి. ఒక్క పూస చేతిలోంచి జారిపోతుంది. వంద పూసలు గుచ్చితే దండ అవుతుంది. ప్లాస్టిక్ కూడా అంతే. కంటికి కనిపించని చిన్న చిన్న పూసలు ఉంటాయి. వాటిని అణువులు అంటారు. వేల అణువులను ఒకదానికి ఒకటి కలిపితే పొడవైన దండ అవుతుంది. ఆ దండనే పాలిమర్ అంటారు. పాలి అంటే చాలా అని అర్థం.

పూస మారితే దండ మారుతుంది. ఒక రకం పూసతో కిరాణా కొట్టు కవరు వస్తుంది. ఇంకో రకం పూసతో బిందె వస్తుంది. ఇంకో రకంతో పాలికార్బొనేట్ వస్తుంది. తెల్లనివన్నీ పాలు కావు. అట్లనే ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు.

కార్బొనేట్ అనే మాట కూడా కొత్తది కాదు. బట్టల సోడా ఒక కార్బొనేట్. సున్నపురాయి ఒక కార్బొనేట్. ఒక కార్బన్, మూడు ఆక్సిజన్‌లు కలిసి ఉన్న ముడిని కార్బొనేట్ అంటారు. దండలో పూసకు పూసకు మధ్య ఈ ముడి ఉంటే అది పాలికార్బొనేట్.

పాత పద్ధతిలో రెండు చిక్కులు

ఇప్పుడు మనం వాడే గట్టి పాలికార్బొనేట్‌ను 1953లో కనుగొన్నారు. జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ అదే ఏడాది విడివిడిగా తయారు చేశారు. అద్దంలా కనిపించింది. సుత్తితో కొట్టినా సులువుగా పగలలేదు. లోకమంతా వాడింది.

కానీ దాని తయారీలో రెండు చిక్కులు ఉన్నాయి.

మొదటిది ఫాస్జీన్ అనే వాయువు. పాత పద్ధతిలో ముడి వేయటానికి ఇది కావాలి. ఇది ప్రాణాలు తీసే విషం. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్ని సైనికుల మీద వదిలారు. 1984లో భోపాల్‌లో ఫ్యాక్టరీ నుంచి లీకై వేల మందిని చంపిన విషవాయువును కూడా ఫాస్జీన్ నుంచే తయారు చేసేవారు. ఇలాంటి ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికులకు, పక్కనే ఉండే బస్తీలకు భయం ఎప్పుడూ ఉంటుంది.

రెండోది బిస్ఫినాల్-ఎ అనే పదార్థం. పాత పాలికార్బొనేట్ దండలో పూస ఇదే. డబ్బాలో వేడి నీళ్లు పోస్తే, డబ్బా గీతలు పడి పాతబడితే, ఇది కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంది. శరీరంలో హార్మోన్ల పనికి ఇది అడ్డు పడుతుంది. అందుకే యూరప్ దేశాలు 2011లో పాలికార్బొనేట్ పాల సీసాలను నిషేధించాయి. మన దేశంలో పాల సీసాల ప్రమాణాన్ని 2015లో మార్చారు. పిల్లల పాల సీసాకు పాలికార్బొనేట్ వాడకూడదని అందులో చేర్చారు. తల్లి పాలకు సీసా అవసరమే లేదు. అది మనకు ముందే తెలుసు.

ఈ రెండు చిక్కులూ లేకుండా పాలికార్బొనేట్ చేయగలమా? ఆ పనే ఇప్పుడు శాస్త్రవేత్తలు చేస్తున్నారు. అది మన బతుకుకు ఎట్లా తగులుతుందో భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్‌లలో చూద్దాం. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోనివే. ఇప్పుడు మూడూ మూడు జిల్లాలు.

భూపాలపల్లి: బొగ్గు, పొగ

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుబాయిలు ఉన్నాయి. దగ్గరలోని చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అందులో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్ల యూనిట్ ఒకటి. బొగ్గు మండితే కరెంటు వస్తుంది. మన ఇంట్లో బల్బు వెలుగుతుంది. బాయిలోకి దిగే కార్మికుడి కష్టం అందులో ఉంది.

నిప్పు లేనిదే పొగ రాదు. బొగ్గులో మండేది ముఖ్యంగా కార్బన్. 12 కిలోల కార్బన్ మండితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 12 కిలోలు 44 ఎట్లా అయింది? మిగతా 32 కిలోల ఆక్సిజన్‌ను గాలిలోంచి తీసుకుంది. ఈ వాయువు కంటికి కనిపించదు. భూమికి గొంగడి కప్పినట్టు కప్పుతుంది. వేడి బయటికి పోనివ్వదు. అందుకే ఎండలు ముదురుతున్నాయి. వానల తీరు మారుతోంది.

1969లో జపాన్‌లో ఇనౌయె అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఒక సంగతి కనిపెట్టారు. ఈ కార్బన్ డయాక్సైడ్‌నే పూసగా గుచ్చవచ్చు. ఒక పూస ఈ వాయువు. పక్క పూస ఎపాక్సైడ్ అనే ఇంకో పదార్థం. మళ్లీ వాయువు, మళ్లీ ఎపాక్సైడ్. ఇట్లా దండ అల్లితే పాలికార్బొనేట్ వస్తుంది. ఇందులో ఫాస్జీన్ లేదు. బిస్ఫినాల్-ఎ లేదు. ఇట్లా చేసిన ఒక రకం 100 కిలోలు తీసుకుంటే, అందులో 43 కిలోలు కార్బన్ డయాక్సైడే.

మరి వెంటనే ఎందుకు వాడలేదు? ఆ రకం 40 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన దగ్గర మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ డబ్బాను ఎండలో పెడితే వంగిపోతుంది. ఇంకో రకం ఎపాక్సైడ్‌తో చేస్తే వేడికి తట్టుకుంటుంది, కానీ పెళుసుగా విరుగుతుంది. అందుకని కొంత దూరం గట్టి పూసలు, కొంత దూరం మెత్తని పూసలు గుచ్చి చూస్తున్నారు. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో షార్లెట్ విలియమ్స్ అనే మహిళా శాస్త్రవేత్త, ఆమె బృందం ఈ పనిలో ఉన్నారు.

కొన్ని పనులు ఫ్యాక్టరీ దాకా వచ్చాయి. 2002లో తైవాన్‌లో ఫాస్జీన్ లేకుండా, కార్బన్ డయాక్సైడ్ వాడి పాలికార్బొనేట్ చేసే ఫ్యాక్టరీ నడిచింది. అయితే అందులో బిస్ఫినాల్-ఎ మాత్రం ఉంది. 2016లో జర్మనీలోని డోర్మాగెన్‌లో ఈ వాయువును కలిపి పరుపుల స్పాంజికి ముడి సరుకు చేసే ఫ్యాక్టరీ మొదలైంది.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. ప్రపంచంలో ఏటా సుమారు 40 కోట్ల టన్నుల ప్లాస్టిక్ తయారవుతుంది. బొగ్గు, పెట్రోలు లాంటివి మండించటం వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 3,700 కోట్ల టన్నులు. ప్లాస్టిక్ అంతా ఈ కొత్త పద్ధతిలోనే చేసినా, పట్టే వాయువు 17 కోట్ల టన్నులే. అంటే 200 బిందెల్లో ఒక బిందె కూడా కాదు. కాబట్టి పొగ సంగతి ప్లాస్టిక్ చూసుకుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. పొగ తగ్గించాల్సిందే. ఈ పద్ధతి చేసే మేలు వేరు. విషవాయువు అవసరం తగ్గుతుంది. పెట్రోలియం వాడకం తగ్గుతుంది.

జనగామ: మెరుపు నిలిపే పూత

జనగామ జిల్లాలో పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి పనికి దేశమంతా పేరు. రేకును కొట్టి, చెక్కి, దేవుడి బొమ్మలు, జ్ఞాపికలు చేస్తారు. అయితే ఇత్తడి గాలి తగిలితే నల్లబడుతుంది. మన ఇంట్లో చింతపండుతో తోముతాం. గోడకు తగిలించిన బొమ్మను రోజూ తోమలేం. దాని మీద పలచని పూత వేస్తే మెరుపు నిలుస్తుంది.

మామూలు పూతలో ఘాటైన వాసన వచ్చే థిన్నర్ లాంటి ద్రవాలు కలుపుతారు. మూసి ఉన్న గదిలో పూత వేసే మనిషి ఆ వాసన పీలుస్తాడు. తలనొప్పి వస్తుంది. చాలా ఏళ్లు పీలిస్తే ఆరోగ్యం చెడుతుంది. అందుకే నీళ్లలో కలిపే పూతల కోసం పరిశోధనలు జరిగాయి. పాలికార్బొనేట్ పొట్టి దండలను ఇలాంటి పూతల్లో వాడుతున్నారు. అవి ఎండకు, తేమకు బాగా ఓర్చుకుంటాయి.

ఇది మన రాష్ట్రానికి దూరమైన చదువు కాదు. హైదరాబాద్‌లోని తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. 1944లో హైదరాబాద్ సంస్థానం కాలంలో అది ప్రయోగశాలగా మొదలైంది. 1989లో ఇప్పటి పేరు వచ్చింది. పూతల మీద అక్కడ పరిశోధన జరుగుతోంది. మన చేలల్లో పండే ఆముదం నూనెతో పూతలు చేసే పని కూడా అక్కడ జరిగింది.

మహబూబాబాద్: మిరప కల్లం

మహబూబాబాద్ వైపు మిరప పండుతుంది. కాయ ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. ఏరిన కాయను కల్లంలో ఆరబోస్తారు. అప్పుడే అకాల వాన వస్తుంది. రాత్రి మంచు కురుస్తుంది. తడిసిన కాయకు బూజు పడుతుంది. బూజులోంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కాయ రంగు తగ్గుతుంది. ఏనుమాముల మార్కెట్‌కు తీసుకుపోతే ధర పడిపోతుంది. ఆరు నెలల కష్టం ఒక్క వానలో పోతుంది.

దీనికి సోలార్ డ్రయ్యర్ ఒక దారి. పాలికార్బొనేట్ రేకులతో చిన్న ఇల్లు లాంటి గది కడతారు. వెలుతురు లోపలికి వస్తుంది. వేడి లోపలే నిలుస్తుంది. తడి గాలిని ఫ్యాను బయటికి పంపుతుంది. కాయ దుమ్ము పడకుండా, వాన తగలకుండా ఆరుతుంది. గాజు అయితే బరువు, పగులుతుంది. రేకు తేలిక, పగలదు. కానీ ఖర్చు ఎక్కువ. ఒక్క కుటుంబానికి భారం. సంఘంలోని పదిమంది కలిస్తే అందుకోవచ్చు.

ఇక్కడే అక్షరం పనికి వస్తుంది. పాలికార్బొనేట్‌ను ఎండ మెల్లగా పసుపు రంగుకు తెస్తుంది, పెళుసు చేస్తుంది. అందుకని రేకుకు ఒక వైపు ఎండను ఆపే పూత వేస్తారు. ఆ వైపు మీద అంటించిన కాగితం లాంటి పొర మీద యు.వి. అని రాసి ఉంటుంది. ఆ వైపు ఆకాశం కేసి ఉండాలి. తిరగేసి బిగిస్తే రేకు త్వరగా పాడవుతుంది. పెట్టిన డబ్బు పోతుంది. బిగించే ముందు పొర తీయకండి. ముందు చదవండి. తరువాత బిగించమనండి.

బ్యాటరీలో ఏం పని?

డ్రయ్యర్ ఫ్యాను సూర్యరశ్మితో తిరుగుతుంది. పొద్దు గూకాక తిరగాలంటే బ్యాటరీ కావాలి. సెల్‌ఫోనులో, కరెంటు ఆటోలో ఉండేది లిథియం బ్యాటరీ. దానిలో రెండు పలకలు ఉంటాయి. మధ్యలో ఒక ద్రవం ఉంటుంది. ఆ ద్రవంలో కార్బొనేట్ చిన్న అణువులే ఉంటాయి. కానీ అది మండే ద్రవం.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో బ్యాటరీ స్కూటర్ల దుకాణంలో మంటలు వచ్చాయి. ఆ పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కింది. 8 మంది చనిపోయారు.

విడి పూసలు జారతాయి. దండగా గుచ్చితే నిలుస్తాయి. ఆ కార్బొనేట్ పూసలను దండగా గుచ్చి, ద్రవం బదులు గట్టి పొర పెట్టాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. గట్టి పొర కారదు. మంట భయం తగ్గుతుంది. చిక్కు ఏమిటంటే, గట్టి పొరలో విద్యుత్ కణాలు నెమ్మదిగా నడుస్తాయి. బ్యాటరీ లోపలి పొడులను అతికించే బంకగా కూడా ఈ దండలను పరీక్షిస్తున్నారు. ఇవన్నీ ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

2023 మే నెలలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి పునాది రాయి వేశారు. అంటే ఈ చదువు చదివిన బిడ్డలకు మన రాష్ట్రంలోనే పని ఉంటుంది. ఆ బిడ్డల్లో ఆడపిల్లలు కూడా ఉండాలి.

మనం చేయగలిగినవి

డబ్బా అడుగున మూడు బాణాల గుర్తు ఉంటుంది. మధ్యలో ఒక అంకె ఉంటుంది. 7 ఉండి, కింద పి.సి. అని ఉంటే అది పాలికార్బొనేట్. 7 అంకె ఇతర ప్లాస్టిక్‌లకు కూడా వేస్తారు. అందుకని అక్షరాలు కూడా చూడండి.

పాలికార్బొనేట్ డబ్బాలో వేడి నీళ్లు పోయకండి. ఎండలో ఉంచిన డబ్బా నీళ్లు తాగకండి. గీతలు పడ్డ డబ్బా ఇస్తే మార్చి ఇమ్మనండి.

ఏ ప్లాస్టిక్‌నూ పొయ్యిలో కాల్చకండి. ఆ పొగ మన ఊపిరితిత్తులకే వస్తుంది.

ఉబ్బిన బ్యాటరీని వాడకండి. పిల్లల చేతికి ఇవ్వకండి. రాత్రి పడుకున్నాక స్కూటరును ఇంట్లో చార్జింగ్‌కు పెట్టకండి.

ఇన్నాళ్లూ వస్తువు మన ఇంటికి వచ్చింది. దాని మంచి చెడ్డలు మాత్రం వేరేవాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు డబ్బా మీది అక్షరం మనం చదవగలం. చదివిన మనిషి అడుగుతుంది. అడిగిన మనిషికి జవాబు చెప్పక తప్పదు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో డబ్బాల అడుగున ఏయే అంకెలు ఉన్నాయి? చూసి రాయండి.
2. 12 కిలోల కార్బన్ మండితే 44 కిలోల వాయువు వస్తుంది. మరి 24 కిలోలు మండితే ఎంత?
3. మీ ఊరిలో మిరప, పసుపు, మక్కలు ఎక్కడ ఆరబెడతారు? వానకు ఎంత నష్టం వచ్చింది? సంఘం కలిసి ఏం చేయవచ్చు?