లూథరు గారి ఇంటిపేరు, గులాబీ ముద్ర

పెండ్లి కుదిరిన ఒక యువకుడు మమ్మును ఇట్లు అడిగెను: “అయ్యగారూ, మా తాతగారు బాప్తిస్మము పొందిన నాడు ఇంటిపేరు మార్చుకొన్నారట. అది పితరులను కాదనుకొనుట కాదా?” జవాబుగా మేము మార్టిన్ లూథరు గారి ఇంటిపేరు కథ చెప్పితిమి. దానినే మీకును విన్నవించుచున్నాము.

ఆయన తండ్రి హాన్స్ లూడర్. మోరా పల్లెలోని రైతు కుటుంబములో పుట్టి, మాన్స్‌ఫెల్డ్‌లో రాగి కరిగించు పని చేసెను. 1501లో ఎర్ఫుర్ట్ విశ్వవిద్యాలయపు పట్టీలో కుమారుని ఇంటిపేరు “లుధర్” అని యున్నది. (మన బాప్తిస్మపు రిజిస్టర్లలో ఒకే ఇంటిపేరును ముగ్గురు పాదుర్లు మూడు విధములుగా వ్రాయలేదా!) 1517 అక్టోబరు 31న మైన్జ్ ఆర్చిబిషప్పుకు వ్రాసిన ఉత్తరములో “లూథర్” అని సంతకము చేసెను. కొలది దినములకే స్నేహితులకు “ఎలుథేరియుస్” అని వ్రాయసాగెను. అది స్వతంత్రుడని అర్థమిచ్చు గ్రీకు మాట.

ఎందుకు మార్చెను? జర్మను భాషలో లూడర్ అనగా ఎర, కుళ్లిన మాంసము. విరోధులు దానితో ఎగతాళి చేసిరి. ఆ అవమానము తప్పించుకొనుటకే మార్చెనని కొందరందురు. గ్రీకు పేరులోని ధ్వనియే ఇంటిపేరులోనికి వచ్చెనని మరికొందరి వాదము. 1981లో మోలర్, స్టాక్‌మన్ అను పండితులు ఈ పేర్ల సంగతి విచారించి వ్రాసిరి. మాకు రెండవదే నమ్మదగినదిగా తోచును. గ్రీకు పేరును కొన్నాళ్లకే విడిచెను గాని, మారిన అక్షరమును విడువలేదు.

ముద్ర విషయములోను తగవున్నది. ఆయన బంధువుల ముద్రలో విల్లు, రెండు గులాబీలు ఉండెడివని చెప్పుదురు గనుక గులాబీ పితరార్జితమని ఒక మాట. ఎర్ఫుర్ట్ మఠపు కిటికీ అద్దములోనిదని ఇంకొక మాట. ఆయన మాత్రము 1530 జూలై 8న కోబుర్గ్ కోటనుండి స్పెంగ్లరుకు వ్రాయుచు వంశమును ఎత్తనేలేదు. ఎఱ్ఱని హృదయములో నల్లని సిలువ, చుట్టు తెల్లని గులాబీ, నీలి ఆకాశము, బంగారు వలయము. ఒక్కొక్కదానికి తన విశ్వాసమునుబట్టియే అర్థము చెప్పెను.

అయితే తండ్రిని మరచెనా? ఆ వేసవిలోనే హాన్స్ మరణవార్త అదే కోటకు వచ్చెను. జూన్ 5న మెలంక్తోనుకు వ్రాసిన ఉత్తరములో, పేరు యొక్క స్వాస్థ్యము ఇక తనకు వచ్చెననియు, వంశములో దాదాపు పెద్ద లూథరు తానేననియు దుఃఖముతో వ్రాసెను. తాను అక్షరము మార్చిన పేరునే తండ్రి ఇచ్చిన స్వాస్థ్యమనెను.

ఆ రెండు ఉత్తరముల తారీఖులు యువకునికి వ్రాసి యిచ్చితిమి. శుభలేఖలో తాతగారి పాత ఇంటిపేరును కూడ అచ్చు వేయించుకొనెను.