జెరూసలేం ఎరగని దుంప



మసాచుసెట్స్‌లో మన కాపురాలు పాతబడ్డాయి. అయినా చామదుంప కోసం, కంద కోసం ఎంత దూరమైనా కారు వేసుకుని వెళ్తాం. ఈ నేల మీదే పుట్టిన దుంప రైతుల సంతలో అల్లం కొమ్ములా కనిపిస్తే మాత్రం చూడనట్టు దాటిపోతాం. జెరూసలేం ఆర్టిచోక్, సన్‌చోక్ అని రెండు పేర్లతో అమ్ముతారు. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

ఇది ఆర్టిచోక్ కాదు, జెరూసలేంలో పుట్టిందీ కాదు. మన పొద్దుతిరుగుడుకు చెల్లెలి వరస. 1605లో ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లేన్ ఇక్కడికి దగ్గర్లోని కేప్ కాడ్‌లో స్థానిక ప్రజల తోటల్లో దీన్ని చూశాడు. రుచి ఆర్టిచోక్‌లా ఉందని రాశాడు. ఇటలీ వాళ్లు పొద్దుతిరుగుడును జిరాసోలే అంటారు. అదే ఇంగ్లిషు వాళ్ల నోట్లో నలిగి జెరూసలేం అయిందని చాలామంది నమ్మకం. జిరాసోలే అంటే సూర్యుడి వైపు తిరిగేది. ఆ మాటకు మన భాషలో వేరే అనువాదం అక్కర్లేదు కదా! అందుకే మా ఇంట్లో దీని పేరు పొద్దుతిరుగుడు దుంప.

దీనికి చెడ్డపేరూ పాతదే. 1621లో జాన్ గుడ్‌యర్ అనే ఇంగ్లిషు వృక్షశాస్త్రజ్ఞుడు, కడుపులో గాలి పుట్టిస్తుందని, ఇది మనుషుల కంటే పందులకే తగిన తిండని రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు బంగాళాదుంపలు పట్టుకుపోతే ఫ్రెంచి ఇళ్లలో ఈ దుంపే పొయ్యెక్కింది. ఆకలి రోజుల్ని గుర్తుచేస్తుందని ఆ తరంలో ఎందరో తర్వాత దాన్ని ముట్టలేదు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. గుడ్‌యర్ తీర్పును మాత్రం నేను ఒప్పుకోను.

గాలికి కారణం ఇన్యులిన్ అనే పదార్థం. బంగాళాదుంపలో పిండి ఉన్నట్టు ఇందులో అది ఉంటుంది. మన జీర్ణరసాలకు అది లొంగదు. పెద్దపేగుకు చేరి అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. చలి సోకితే, పులుపుతో ఉడికితే ఇన్యులిన్ కొంత విరిగి చక్కెరగా మారుతుంది. మంచు పడ్డాక తవ్విన దుంప తియ్యగా ఉండేది అందుకే. చామదుంప దురదకు చింతపండు వేయడం మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పలేదు. ఏ దుంప గుణం దానిదని వాళ్లకు తెలుసు. దీని గుణం తెలుసుకుని దీనికి నిమ్మకాయ పిండుదాం.

ఈ దుంపతో స్ట్యూ ఎలా చేయాలో చెబుతాను. దానికి కిలో గొర్రె భుజం మాంసం, ముప్పావు కిలో దుంపలు చాలు. మాంసం ముక్కల తడి తుడిచి, అడుగు మందం గిన్నెలో నూనె కాగాక కొంచెం కొంచెంగా వేసి ఎర్రగా వేయించి తీయండి. ఈ పనిలో తొందరపడితే రుచంతా పోతుంది. అదే నూనెలో రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు క్యారెట్లు మగ్గించండి. మాంసం తిరిగి వేసి, లీటరున్నర నీళ్లు, ఉప్పు, మిరియాలు, రెండు థైమ్ రెమ్మలు, ఒక బిర్యానీ ఆకు చేర్చి గంటసేపు సన్నసెగ మీద ఉంచండి. తర్వాత గుప్పెడు బార్లీ వేయండి. ఈ దుంపలో పిండి లేదు కాబట్టి చిక్కదనం బార్లీ ఇస్తుంది. ఈలోగా దుంపల్ని బ్రష్‌తో రుద్ది కడగండి. తొక్క తీయక్కర్లేదు. కోసిన ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం కలిపిన నీళ్లలో వేసుకోండి. బార్లీ పడిన అరగంటకు దుంప ముక్కలు, అర చెక్క నిమ్మరసం వేసి, ఇంకో ఇరవై అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. చివర్లో పక్కన నిలబడి చూసుకోవాలి. గట్టిగా ఉన్న ముక్క చూస్తుండగానే ముద్దయిపోతుంది. మాంసం తినని వాళ్లు నానబెట్టిన బొబ్బర్లు, పుట్టగొడుగులు వేసుకోవచ్చు.

మొదటిసారి నాలుగు ముక్కలకు మించి వడ్డించకండి. కడుపుకు అలవాటు కానివ్వండి.

పెరడున్న వాళ్లు వసంతంలో ఒక దుంప నాటండి. ఆరడుగులు దాటి ఎదిగి పసుప్పచ్చని పూలు పూస్తుంది. కూరగాయల మడిలో వద్దు, కంచె వారన నాటండి. మట్టిలో ఏ చిన్న ముక్క మిగిలినా మరుసటి ఏడు మళ్లీ మొలుస్తుంది.