జంట తెరల కంప్యూటర్లు - మనకెంత ఉపయోగం?

(సాంకేతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో పట్టుచీరల అంగళ్ళు, కింద భోజనాల వరసలు పెట్టుకుని కూడా కంప్యూటరు తెరల గురించి వినడానికి ఇంతమంది కూర్చున్నారు. మీ ఓపికను ఎక్కువ పరీక్షించను.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. ఒకే కీలుకు రెండు తెరలు ఇముడుతాయా, ఇమిడితే మనకేం లాభం అన్నది ఈనాటి విషయం. మామూలు లాప్‌టాప్‌లో పై సగం తెర, కింది సగం కీబోర్డు. ఆ కింది సగాన్ని కూడా తెర చేస్తే అది జంట తెరల లాప్‌టాప్. దాన్నే చిన్నదిగా చేసి పుస్తకంలా మడిస్తే జంట తెరల టాబ్లెట్.

ఈ ఆలోచన కొత్తది కాదు. 2004లో వచ్చిన నింటెండో డీఎస్ ఆటబొమ్మ మన పిల్లలు చాలామందికి గుర్తుండే ఉంటుంది. దానికి రెండు తెరలు. ఒకదాని మీద ఆట, రెండోదాని మీద దారి చూపే పటం. అది పదిహేను కోట్లకు పైగా అమ్ముడైంది. కంప్యూటర్లలో మాత్రం కథ వేరు. తోషిబా 2010లో రెండు ఏడంగుళాల తెరలతో లిబ్రెట్టో తెచ్చింది. ఏసర్ 2011లో రెండు పద్నాలుగంగుళాల తెరలతో ఐకోనియా తెచ్చింది. విద్యార్థుల పాఠ్యపుస్తకాల కోసమని నో అనే కాలిఫోర్నియా కంపెనీ జంట తెరల పలక తయారుచేసి, 2011లోనే ఆ ప్రయత్నం మానుకుంది. మన హైదరాబాదు పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ళ సారథ్యంలో మైక్రోసాఫ్టు 2019 అక్టోబరులో రెండింటిని ప్రకటించింది. వాటిలో సర్ఫేస్ నియో బజారుకు రానేలేదు. సర్ఫేస్ డుయో 2020లో వచ్చింది, 2023తో దాని మొదటి మోడలుకు మరమ్మతుల సాఫ్టువేరు ఆగిపోయింది. నిలదొక్కుకున్నవి ఆ తరువాతవి: 2023లో లెనోవో వారి యోగా బుక్ 9ఐ, 2024లో ఆసుస్ వారి జెన్‌బుక్ డుయో. రెండింటికీ విడిగా తీసి పెట్టుకోగల కీబోర్డు ఉంటుంది.

ఆ ఆటబొమ్మ గెలవడంలో ఒక పాఠం ఉందని నా అభిప్రాయం. దానిలో రెండు తెరలూ ఒకే పనికి కట్టుబడి ఉన్నాయి. ఒక తెర మీద ఆఫీసు పని, ఇంకో తెర మీద క్రికెట్టు పెట్టుకునేవారికి రెండో తెర రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టే. ఒకే పనిలో ఒక సగం కంటికి, ఇంకో సగం చేతికి కావలసినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

మన ఇళ్ళలోంచే ఉదాహరణలు చెబుతాను. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలతో వీడియోలో మాట్లాడుతుంటాం. పై తెర మీద నాన్నగారి ముఖం, కింది తెర మీద డాక్టరుగారు రాసిన మందుల చీటీ. "పొద్దున వేసుకునే బిళ్ళ మానేశారా నాన్నా?" అని అడుగుతూ ఆయన ముఖం చూడవచ్చు. ఒకే తెర అయితే చీటీ తెరిచినప్పుడల్లా ముఖం మూలకు పోతుంది. జవాబు మాటలో కన్నా ముఖంలోనే ఎక్కువ తెలుస్తుందని మనందరికీ అనుభవమే కదా! అలాగే ఏప్రిల్ 15 ముందు డబ్ల్యూ-2 కాగితం ఒకవైపు, 1040 ఫారం ఇంకోవైపు.

వీటన్నిటి కంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. అది తెలుగు పని. పందొమ్మిదో శతాబ్దంలో బ్రౌను దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యం తాలూకు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టించి, పాఠాలు సరిచూపించాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డిగారు పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ నుంచి పదిలక్షల పుస్తకాల పథకం నడిపించారు. ఆ కృషివల్ల వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలు బొమ్మలుగా ఇంటర్నెట్టుకెక్కాయి. బొమ్మ వేరు, అక్షరం వేరు. బొమ్మలో వెతికితే మాట దొరకదు. యంత్రంచేత చదివిస్తే ఇప్పుడు చాలావరకు చదువుతుంది కానీ, పాత అచ్చులో 'థ'ను 'ధ' అంటుంది, 'వ'ను 'ప' అంటుంది, అరసున్నలను మింగేస్తుంది. మనిషి కన్ను పడక తప్పదు. తెలుగు వికీసోర్సులో ఈ దిద్దుబాటు పేజీ పేజీకీ జరుగుతోంది. పాత పుట ఒక పక్క, టైపు చేసిన పాఠం ఇంకో పక్క. ఒకరు దిద్దితే పేజీ పసుపుపచ్చ, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. బ్రౌను పండితులు చేసిన పని ఇదే! పుట నిండుగా పై తెర మీద, పాఠం కింది తెర మీద ఉంటే కంటికీ మెడకూ ఎంత సుఖమో చేసి చూస్తే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. కింది తెర అద్దం మీద తెలుగు టైపు చేయడం కష్టం. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఆరు మీటలు నొక్కాలి. వేలికి మీట తగలకపోతే తప్పులు దొర్లుతాయి. కాబట్టి విడి కీబోర్డు లేనిదాన్ని రాతపనికి కొనవద్దు.

ఇక కొనడం సంగతి. ఎప్పుడూ ఇంట్లో బల్ల దగ్గరే పనిచేసేవారికి పాత లాప్‌టాప్ పక్కన ఒక మామూలు మానిటరు చాలు. అది పెద్దది, చవక కూడా. మాక్, ఐప్యాడ్ రెండూ ఉన్నవారికి 2019 నుంచి సైడ్‌కార్ అనే సదుపాయం ఉంది. కొత్తగా డబ్బు పెట్టకుండానే ఐప్యాడ్ రెండో తెరగా మారుతుంది. విమానాల్లో, హోటళ్ళలో బతుకు వెళ్ళదీసే కన్సల్టెంటు సోదరులకు మాత్రం జంట తెరలు నిజంగా అక్కరకొస్తాయి. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి: రెండు తెరలూ వెలుగుతుంటే బాటరీ ఎన్ని గంటలు వస్తుంది? అద్దం పగిలితే బాగుచేయడానికి ఎంతవుతుంది? సాఫ్టువేరు ఎన్నేళ్ళు అందిస్తారు?

చివరిగా ఒక విన్నపం. మన సంఘాల పాత సావనీర్లు అటకల మీద, గరాజుల్లో అట్టపెట్టెల్లో మగ్గుతున్నాయి. ఈ దేశానికి ముందుగా వచ్చినవాళ్ళు రాసుకున్న కథలు, కవితలు, జ్ఞాపకాలు వాటిలో ఉన్నాయి. చాలావాటికి కంప్యూటరు ప్రతులు ఉన్నా, యూనికోడు కాని ఫాంట్లలో ఉన్నవి వెతికితే దొరకవు. ఆయా సంస్థల, రచయితల అనుమతితో వాటిని స్కాన్ చేసి, ఇంటికి పది పేజీల చొప్పున పంచుకుని దిద్దుదాం. తెలుగు చదవగల తాతయ్య, టైపు చేయగల మనవరాలు ఒకే కంప్యూటరు ముందు కూర్చుంటే పని సగం అయినట్టే. ఒక తెరతో చేసినా ఫరవాలేదు, రెండుంటే ఇంకాస్త తొందరగా అవుతుంది.

భోజనాల గంట కొట్టేలోగా ముగిస్తానన్న మాట నిలబెట్టుకుంటున్నాను. సెలవు.