గొంతు ఇచ్చే ముందు అడుగుదాం



మేం ముగ్గురం వీడియో గేముల్లో పాత్రలకు గొంతు ఇస్తున్నాం. మొదలుపెట్టి రెండేళ్లయింది. మాకింకా పెద్ద పేరేం రాలేదు. అయినా "మీ పని ఏంటో మన పిల్లలకు చెప్పండి" అని సంఘం పెద్దలు అడిగారు. పని ఎలా ఉంటుందో చెబుతాం. ముందు మాత్రం మేం చేసిన ఒక తప్పు చెబుతాం.

మాకు డబ్బులు వచ్చిన మొదటి పని ఒక ఫోన్ గేమ్. స్టూడియోకి వెళ్తే ఒక షీటు చేతిలో పెట్టారు. అందులో 40 గడులు. పాత్రల పేర్లు "అడవి మనిషి 1", "అడవి మనిషి 2". మాటలుండాల్సిన చోట "కోపంగా గొణుగుడు", "బాణం వేస్తూ కేక", "చావు కేక" అని రాసి ఉంది. "మీరు ఆదిలాబాద్ వైపు వాళ్లే కదా, మీకిది తేలిక. మీ భాషలా వినబడేలా ఏదో ఒకటి అనేయండి" అన్నారు. మేం అనేశాం. మూడు గంటలు అరిచాం. డబ్బులిచ్చారు, సంతోషంగా రూముకు వచ్చాం. నాలుగు రోజులు గొంతు పెగల్లేదు.

దండారి పండగకు ఊరికి వచ్చాం. ఇంటి ముందు మా అక్క కొడుకు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. మూడో తరగతి చదువుతున్నాడు. ఫోన్లోంచి వచ్చిన కేక మాదే. వాడు కాల్చుతున్నాడు, మేం చస్తున్నాం. "మామా, వీళ్లు ఎవరు? ఏమంటున్నారు?" అని అడిగాడు. ఇంట్లో గోండి తప్ప ఇంకో మాట రాని పిల్లాడు. ఆ గొంతులు మావని గానీ, ఆ మనుషులు మనమేనని గానీ వాడికి తెలియలేదు. మేం చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

మమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేదు. మేమే అడగలేదు. ఈ పాత్ర ఎవరు, ఎందుకు అరుస్తున్నాడు, ఏ భాషలో మాట్లాడతాడు అని ఒక్క మాట అడిగి ఉంటే, పని పోయేదేమో, పోకపోయేదేమో. కొత్తవాళ్లం కదా, అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాం.

అమెరికాలో అలాస్కా అనే చలి ప్రాంతం ఉంది. అక్కడి ఇనుపియాట్ ఆదివాసులు 2014లో "నెవర్ అలోన్" అనే గేమ్ తెచ్చారు. ఒక ఆదివాసీ సంస్థే గేమ్ కంపెనీ పెట్టించి, బయటి నిపుణులతో కలిసి చేయించింది. దాదాపు 40 మంది పెద్దలు, కథలు చెప్పేవాళ్లు అందులో పాలుపంచుకున్నారు. ఒక చిన్న పిల్ల, ఒక నక్క మంచు తుఫానులో చేసే ప్రయాణం అది. కథ చెప్పే గొంతు ఇనుపియాట్ భాషలోనే వినిపిస్తుంది. అర్థం కావాలంటే కింద అక్షరాలు చదువుకోవాలి. ప్రపంచమంతా అలాగే ఆడింది. మరుసటి ఏడాది దానికి బ్రిటన్‌లో బాఫ్టా అవార్డు వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లం 29 లక్షలకు పైగా ఉన్నాం. ప్రధాన్‌లు కిక్రీ వాయిస్తూ రాత్రంతా దేవుళ్ల కథ చెబుతుంటే విన్నవాళ్లం. మనకు గొంతు లేక కాదు, ఆ గొంతు ఎక్కడ వాడాలో తెలియక వెనకబడ్డాం.

ఇక పని సంగతి. సినిమా డబ్బింగ్‌లో తెర మీద బొమ్మ కనిపిస్తుంది, పెదాలు చూసి మాట కలుపుతాం. గేములో చాలాసార్లు బొమ్మే ఉండదు. ఆడేవాడు గెలవొచ్చు, ఓడొచ్చు, కుడికి పోవచ్చు, ఎడమకు పోవచ్చు. ప్రతి దారికీ వేరే మాట ఉండాలి. అందుకే మాటలన్నీ విడివిడిగా, వరుస లేకుండా, ఒక్కొక్కటి ఒక్కో ఫైలుగా రికార్డు చేస్తారు. "జాగ్రత్త, వెనక చూడు!" అనే మాటనే నాలుగైదు రకాలుగా చెప్పిస్తారు, ఎందుకంటే ఆడేవాడు దాన్ని వందసార్లు వింటాడు. దూకడం, దెబ్బ తినడం, బరువెత్తడం, వీటికి మాటలుండవు, ఊపిరే ఉంటుంది. ఎదుట ఎవరూ లేకుండా, ఎదుట మనిషి ఉన్నట్టే పలకాలి. అందుకే ముందు వెనకలు అడిగి తెలుసుకోకుండా ఈ పని బాగా చేయడం కుదరదు.

మొదలుపెట్టడానికి స్టూడియో అక్కర్లేదు. మేం మంచానికి నాలుగు పక్కలా బొంతలు కట్టి, మధ్యలో కూర్చుని నేర్చుకున్నాం. ఫ్యాన్ ఆపండి. రేకుల ఇల్లయితే వాన లేని రాత్రి చూసుకోండి. మైక్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచితే "ప", "భ" పలికినప్పుడు గాలి కొట్టదు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మొదట రోజూ పావుగంట గట్టిగా చదవండి, రికార్డు చేసి మీరే వినండి. మొదటి నెల మీ గొంతు మీకే నచ్చదు. మాకూ నచ్చలేదు.

తర్వాత ఒక నిమిషం నమూనా చేసుకోండి. అందులో నాలుగైదు పాత్రలు చాలు, బాగా వచ్చినది ముందు పెట్టండి. సినిమా హీరోలను అనుకరించకండి. ఆ గొంతులు ఇప్పటికే ఉన్నాయి. అమ్మమ్మ కోప్పడినట్టు, సంతలో బేరమాడినట్టు మాట్లాడండి. కాలేజీల్లో చిన్న చిన్న గేములు చేసే విద్యార్థులకు గొంతులు కావాలి, అక్కడ మొదలుపెట్టండి. అవకాశం ఇస్తాం, ముందు ఫీజు కట్టమంటే మాత్రం కట్టకండి.

గొంతు కాపాడుకోండి. అరుపులన్నీ చివర్లో పెట్టమని అడగండి, మధ్యలో నీళ్లు తాగండి, నొప్పి వస్తే ఆపేయండి. అమెరికాలో గొంతు కళాకారులు 2016లో సమ్మె చేసినప్పుడు, గొంతు అరిగే రికార్డింగ్ రెండు గంటలు దాటకూడదన్నది వాళ్లు అడిగిన వాటిలో ఒకటి. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సంతకం పెట్టే కాగితం చదవండి. గొంతు ఏ గేముకు, ఎంతకాలానికి ఇస్తున్నామో అందులో ఉండాలి. ఏఐకి నేర్పడానికి, మన గొంతుకు నకలు తయారు చేయడానికి వాడుకుంటామని ఎక్కడైనా ఉందా చూడండి. ఆ ఏఐ విషయం మీదే అక్కడి కళాకారులు 2024 జూలై నుంచి దాదాపు 11 నెలలు సమ్మె చేశారు. మన దేశంలో గాయకుడు అరిజిత్ సింగ్ కోర్టుకు వెళ్తే, ఆయన గొంతుకు ఏఐ నకళ్లు చేయకుండా 2024లో బొంబాయి హైకోర్టు రక్షణ ఇచ్చింది. మనలాంటి వాళ్లం కోర్టుదాకా వెళ్లగలమా? కాగితం మీదే జాగ్రత్త పడాలి. 18 ఏళ్లు నిండనివాళ్లు అమ్మానాన్నలకు చూపించకుండా ఏదీ ఒప్పుకోవద్దు.

ఆ పండగ తర్వాత మేం అడగడం మొదలుపెట్టాం. ఒక చోట "మీ ప్రశ్నలు ఎక్కువయ్యాయి" అని వేరేవాళ్లను పెట్టుకున్నారు. ఆ నెల రూము అద్దెకు అప్పు చేశాం. ఇంకో చోట కొందరు విద్యార్థులు చేస్తున్న గేములో అడవిలో దారి చూపే ముసలాయన పాత్ర ఉంది. మాటలకు బదులు మళ్లీ గొణుగుడే రాశారు. "ఆయన ఏం చెప్పాలనుకుంటున్నాడు?" అని అడిగాం. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వాళ్లకే తెలియదు. కూర్చుని కలిసి ఆలోచించాం. "వాగు దాటకు, పైన వాన పడుతోంది" అని తేలింది. ఆ మాటను గోండిలో చెబుతామన్నాం, ఒప్పుకున్నారు. ఊళ్లో ఒక ప్రధాన్ తాతకు ఫోన్ చేసి వినిపిస్తే ఆయన రెండు మాటలు మార్చారు. "పిల్లలకు చెప్పేటప్పుడు అలా అనం" అన్నారు. ఆయన చెప్పినట్టే రికార్డు చేశాం. మా అక్క కొడుక్కి ఆ ఒక్క మాట వినిపించాం. వాడు "వాన ఎక్కడ పడుతోంది?" అని తలెత్తి చూశాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పనిలోకి రండి. వచ్చినా రాకపోయినా, మీ గొంతు ఎవరైనా అడిగితే, ఎందుకని తిరిగి అడగండి. ఈ రోజు సాయంత్రం దాకా ఆ చింతచెట్టు కింద మైక్ పెట్టుకుని కూర్చుంటాం. ఒక్కొక్కరు వచ్చి ఒక మాట చెప్పి వినండి. రికార్డు మీ ఫోనుకు పంపి, మా దగ్గరున్నది మీ ముందే చెరిపేస్తాం.

జై సేవా. జై ఆదివాసీ.