అంకుల్ అనే మాటలో కలిసిపోయిన ఇద్దరు

'అంకుల్' పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి నుంచి వచ్చి, పదమూడో శతాబ్దం చివరికి ఇంగ్లీషు రాతల్లో కుదురుకుంది. దాని మూలం లాటిన్ 'అవుంకులుస్'. తాతను చెప్పే 'అవుస్'కు చిన్నదనపు ప్రత్యయం చేరి ఏర్పడిన ఆ మాట మేనమామకు మాత్రమే చెల్లేది. అంతకుముందు ఇంగ్లీషువాళ్లకు రెండు సొంత మాటలుండేవి. మేనమామ 'ఎఆమ్', తండ్రి తోడబుట్టినవాడు 'ఫ్యాదెర'. మేనత్తకు, తల్లి అక్కచెల్లెళ్లకు కూడా వేర్వేరు పేర్లుండేవి. గెలిచినవాడి భాష వీటన్నిటినీ తుడిచేసిందని తరచూ వినే మాట. ఆ కారణం చాలదని నా వాదన. మాటను ఇచ్చింది ఫ్రెంచే. తేడాను అనవసరం చేసింది మాత్రం ఇంగ్లండు న్యాయంలో వచ్చిన మార్పు.

తొమ్మిదో శతాబ్దపు ఆల్ఫ్రెడ్ రాజు శాసనాలు చూడండి. హత్య జరిగితే చనిపోయినవాడి ప్రాణానికి వెల కట్టేవారు. దాన్ని 'వెర్‌గిల్డ్' అనేవారు. హంతకుడికి తండ్రివైపు ఎవరూ లేకుండా తల్లివైపు వాళ్లే ఉంటే, వాళ్లు ఆ వెలలో మూడో వంతు చెల్లించాలి. మరో మూడో వంతు అతని తోటివాళ్ల మీద పడుతుంది. రెండు వైపులా చుట్టాలున్నప్పుడు తండ్రివైపు మూడింట రెండు వంతులు, తల్లివైపు ఒక వంతు అని పన్నెండో శతాబ్దం తొలినాళ్ల న్యాయగ్రంథం, మొదటి హెన్రీ రాజు పేరిట ఉన్నది, పంచింది. అంటే ఒకడు నీకు ఎఆమా, ఫ్యాదెరా అన్నది ముద్దుమాట కాదు, అతని సంచిలోంచి పోయే వెండి లెక్క. 1166లో రెండో హెన్రీ క్లారెండన్ శాసనంతో హంతకులను రాజు న్యాయస్థానం ముందుకు తెచ్చాడు. హత్య రాజు పట్టించుకునే నేరమయ్యాక కుటుంబాల మధ్య ఈ పంపకానికి చోటు తగ్గుతూ వచ్చింది.

మరి ఫ్రెంచిలోనే ఒకే మాట ఉండగా ఇంగ్లీషు రెండెక్కడ తెచ్చుకుంటుందని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. అయితే మధ్యకాలపు ఇంగ్లీషులో 'ఎఆమ్' వారసుడైన 'ఈమ్' తల్లివైపు, తండ్రివైపు అన్న పట్టింపు లేకుండా ఇద్దరికీ చెల్లింది. ఇంగ్లీషు కవి ఛాసర్ తన ట్రాయిలస్ కావ్యంలో పాండరస్ అనే ఒకే మనిషిని క్రిసెయిడ్‌కు ఈమ్ అనీ అంటాడు, అంకుల్ అనీ అంటాడు. సొంత మాటే తన సరిహద్దు వదులుకుంది కనుక తప్పు పరాయి మాటది కాదు. గెలుపూ అసలు కారణం కాదని జర్మన్లను చూస్తే తెలుస్తుంది. వాళ్లను నార్మన్లు గెలవలేదు. అయినా మేనమామకు వాడే 'ఓహైమ్'ను ఫ్రెంచి నుంచి వచ్చిన 'ఓంకెల్' పక్కకు నెట్టింది. స్వీడిష్ భాష 'ఫార్‌బ్రోర్', 'మోర్‌బ్రోర్' అని ఇప్పటికీ వేరు చేస్తుందే అని ఎవరైనా అంటే, నా మాటను కొంత సవరించుకోవలసిందే. అవసరం లేకున్నా తేడా బతకవచ్చు. కానీ దాన్ని పోకుండా పట్టి ఉంచేది అవసరమే. స్వీడన్‌లోనూ ఫార్‌బ్రోర్ అన్న మాట వయసు మళ్లిన ఏ మగవాడికైనా చెల్లే పిలుపుగా సాగింది.

ఇక మన సంగతి. అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రపంచపు చుట్టరికాల పట్టికలు అచ్చువేసినప్పుడు వాటిలో తెలుగు కూడా ఉంది. మన పట్టింపు వెర్‌గిల్డ్ మీద నిలిచింది కాదు, పెళ్లి మీద నిలిచింది. బాబాయి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ పిల్లలు బావలు, మరదళ్లు. ఈ గీత చెరిగితే మేనరికమే అర్థం కాదు. పక్కింటాయనను, నాన్న స్నేహితుణ్ణి పిల్లలు అంకుల్ అంటున్నారని బాధపడేవారి ఆవేదన నాకు అర్థమవుతుంది, కానీ నా భయం ఆ మాట మీద లేదు. అది వీధిలో తిరుగుతోంది. ఇంట్లో మామయ్య మామయ్యగానే ఉన్నాడు. నన్ను కలతపెట్టేది 'కజిన్'. లాటిన్‌లో తల్లి అక్కచెల్లెళ్ల పిల్లలకు పెట్టిన ఆ పేరు ఇంగ్లీషులో అందరినీ కలిపేసుకుంది. నగరాల్లో, అమెరికాలో మేనరికాలు తగ్గుతున్న తెలుగు ఇళ్లలో అది పెదనాన్న కొడుకునూ మేనత్త కొడుకునూ ఒకే చాప మీద కూర్చోబెడుతోంది. నిఘంటుకారులు, మాండలిక పరిశోధకులు వెంటనే చేయవలసిన పని ఒకటుంది. ఏ ఊళ్లో, ఏ తరంలో, ఏ చుట్టాన్ని కజిన్ అంటున్నారో అడిగి రాయండి. బావ, మరదలు అన్న పిలుపులు ఏ ఇళ్లలో ఆగిపోయాయో కూడా అక్కడే నమోదు చేయండి.